వర్డ్ టెంప్లేట్ సగమే వస్తే: లోపించిన ఫాంట్లు, లింకులు, మాక్రోలను పట్టుకుని సరిచేసే విధానం

హెడ్డాఫీసు పంపిన లెటర్‌హెడ్, యూనివర్సిటీ ఇచ్చిన థీసిస్ నమూనా, పాత ఆపరేటర్ వదిలి వెళ్లిన ఆహ్వానపత్రిక ఫార్మాట్... చూడటానికి ఒక్కొక్కటీ ఒక్కో ఫైలే. కానీ అది పూర్తిగా పనిచేయాలంటే ఆ ఫైలు బయట చాలా ఉండాలి. అందులో వాడిన ఫాంట్లు మీ సిస్టంలో ఉండాలి. లింకు చేసిన లోగో అదే ఫోల్డర్లో ఉండాలి. మాక్రోలు (పనిని దానంతట అదే చేసే చిన్న ప్రోగ్రాములు) పిలిచే లైబ్రరీలు, అంటే వాటికి తోడ్పడే వేరే ప్రోగ్రాము ఫైళ్లు ఉండాలి. చిరునామాలు తీసుకునే ఎక్సెల్ షీటు దొరకాలి.

వీటిలో ఒకటి దొరకనప్పుడు వర్డ్ చాలాసార్లు ఏమీ చెప్పదు. చేతికందిన మరో ఫాంటు పెట్టి పేజీ చూపిస్తుంది. మనమూ అదే అసలు రూపం అనుకుని టైపు చేసి సేవ్ చేస్తాం. నష్టం జరిగేది అక్కడే. అందుకే ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇది: ఏమేం లోపించాయో తెలిసేదాకా ఆ ఫైల్లో ఒక్క అక్షరం కూడా కొట్టవద్దు.

కింది వివరాలు విండోస్ మీద వర్డ్ 2016, ఆ తర్వాతి వెర్షన్లు, మైక్రోసాఫ్ట్ 365 వాడేవారికి. లిబ్రేఆఫీస్ వాడేవారికి చివర్లో విడిగా ఉంది.

అడుగు 1: కాపీ తీసి, సరైన పద్ధతిలో తెరవడం

వచ్చిన ఫైలును అలాగే ఉంచి కాపీ మీద పనిచేయండి. అసలు ఫైలు మీద కుడి క్లిక్ చేసి 'ప్రాపర్టీస్'లో 'రీడ్ ఓన్లీ' టిక్ పెడితే పొరపాటున కూడా మారదు.

టెంప్లేట్ ఫైళ్లు మూడు రకాలు. డాట్‌ఎక్స్ (.dotx)లో మాక్రోలు ఉండవు, డాట్‌ఎం (.dotm)లో ఉంటాయి. వట్టి డాట్ (.dot) అంటే 2007కు ముందరి వర్డ్ కాలం నాటిది. వీటిని డబుల్ క్లిక్ చేస్తే టెంప్లేట్ తెరుచుకోదు, దాని ఆధారంగా 'డాక్యుమెంట్1' అనే కొత్త ఫైలు పుడుతుంది. టెంప్లేట్‌నే సరిచేయాలంటే కుడి క్లిక్ చేసి 'ఓపెన్' నొక్కాలి. గంటసేపు మరమ్మతు చేశాక టెంప్లేట్ ఎప్పటిలాగే ఉందేమిటని తికమకపడటానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

మెయిల్లోనో వాట్సాప్‌లోనో వచ్చిన ఫైలైతే 'ప్రొటెక్టెడ్ వ్యూ' అనే పసుపు పట్టీతో తెరుచుకుంటుంది. ఆ స్థితిలో లింకులు అప్‌డేట్ కావు, మాక్రోలు నడవవు. అవి లోపించాయని అప్పుడే తేల్చేయకండి.

అడుగు 2: ఏ ఫాంట్లు లేవో తెలుసుకోవడం

'ఫైల్ > ఆప్షన్స్ > అడ్వాన్స్‌డ్'లోకి వెళ్లి 'షో డాక్యుమెంట్ కంటెంట్' అనే భాగం దాకా కిందికి జరపండి. అక్కడ 'ఫాంట్ సబ్‌స్టిట్యూషన్' బటన్ ఉంటుంది. నొక్కితే ఎడమవైపు లేని ఫాంటు, కుడివైపు దాని బదులు వాడుతున్న ఫాంటు కనిపిస్తాయి. అన్నీ ఉంటే సబ్‌స్టిట్యూషన్ అవసరం లేదని చెబుతుంది. ఈ జాబితాను కాగితం మీద రాసుకోండి.

ఆ పెట్టెలోనే 'కన్వర్ట్ పర్మనెంట్లీ' అనే బటన్ ఉంది. దాన్ని ముట్టుకోవద్దు. ఏ ఫాంటుకు బదులు ఏది వాడాలన్న ఎంపిక మీ సిస్టంలో చూపించే తీరును మాత్రమే మారుస్తుంది, ఫైల్లో పాత ఫాంటు పేరు అలాగే ఉంటుంది. 'కన్వర్ట్ పర్మనెంట్లీ' నొక్కితే మాత్రం ఆ పేరే చెరిగిపోతుంది. తర్వాత అసలు ఫాంటు దొరికినా అది ఎక్కడెక్కడ ఉండేదో చెప్పేవారుండరు.

హోమ్ ట్యాబ్‌లోని ఫాంటు పేరు గడిని నమ్మవద్దు. సిస్టంలో లేని ఫాంటైనా అక్కడ ఉన్నట్టే కనిపిస్తుంది.

అడుగు 3: లక్షణాన్ని బట్టి ఫాంటు సమస్య తేల్చడం

తెలుగు టెంప్లేట్లలో ఫాంటు లోపం రెండు రూపాల్లో బయటపడుతుంది. రెంటికీ వైద్యం వేరు.

*అక్షరాలు చదవడానికి వస్తున్నాయి, ఆకారం మాత్రం మారింది.* పేజీలు పెరిగాయి, పట్టికలు జరిగాయి. అంటే పాఠం యూనికోడ్‌లోనే (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే ప్రామాణిక పద్ధతిలోనే) ఉంది, దాన్ని గీసే ఫాంటు మాత్రం లేదు. పాత టెంప్లేట్లలో ఎక్కువగా కనిపించేవి గౌతమి, వాణి. ఇవి ఒకప్పుడు విండోస్‌తో పాటే వచ్చేవి. విండోస్ 10 నుంచి వీటిని ఐచ్ఛికం చేశారు. ఇంగ్లిష్ విండోస్‌లో తెలుగు భాషను చేర్చుకోకపోతే అవి ఉండవు. తెలుగు కోసం అందులో అప్రమేయంగా (డిఫాల్ట్‌గా) ఉండేది నిర్మల యూఐ.

ఇందులో మరో మెలిక ఉంది. ఆఫీస్ పాత థీమ్‌లో (ఫైలు మొత్తానికి ఫాంట్లు, రంగులు నిర్ణయించే అమరికలో) తెలుగు లిపికి నిర్ణయించిన ఫాంటు పేరు గౌతమి. టెంప్లేట్ తయారుచేసినవారు గౌతమిని ఎప్పుడూ ఎంచుకోకపోయినా, స్టైల్‌లో (పేరు పెట్టి దాచుకున్న ఫార్మాటింగ్‌లో) 'బాడీ' అని థీమ్ ఫాంటు ఉంటే చాలు, వర్డ్ గౌతమి కోసం వెతకవచ్చు. 'నేను వాడని ఫాంటు జాబితాలోకి ఎలా వచ్చింది?' అన్న ప్రశ్నకు జవాబు ఇది.

సరిచేయడం తేలికే. విండోస్ 10లో 'సెట్టింగ్స్ > యాప్స్ > ఆప్షనల్ ఫీచర్స్'లో 'యాడ్ ఎ ఫీచర్' నొక్కి 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' ఎంచుకోండి. విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఆప్షనల్ ఫీచర్స్ 'సిస్టమ్' కిందికి మారింది. డౌన్‌లోడ్ అయ్యాక వర్డ్, అవుట్‌లుక్ సహా ఆఫీస్ ప్రోగ్రాములన్నీ మూసి మళ్లీ తెరవండి. తెరిచి ఉన్న వర్డ్ కొత్త ఫాంటును కొన్నిసార్లు గుర్తించదు.

మండలి, రామభద్ర, సురన్న, ఎన్‌టీఆర్ లాంటివి లోపిస్తే గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. జిప్ విప్పి, ఫాంటు ఫైలు మీద కుడి క్లిక్ చేసి 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' ఎంచుకోండి. వట్టి 'ఇన్‌స్టాల్' నొక్కితే విండోస్ 10 కొత్త వెర్షన్లలో, విండోస్ 11లో ఆ ఫాంటు ఒక్క యూజర్ ఖాతాకే చేరుతుంది. డీటీపీ సెంటర్లలో ఇంకా నడుస్తున్న కొన్ని పాత ప్రోగ్రాములు అలా చేరిన ఫాంట్లను చూడలేవు.

*తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కలగాపులగం కనిపిస్తోంది.* ఇది అను ఫాంట్లలాంటి పాత పద్ధతి ఫాంట్లతో టైపు చేసిన పాఠం. ఫైల్లో నిజంగా ఉన్నవి లాటిన్ అక్షరాలు, గుర్తుల సంకేతాలే. వాటి మీద తెలుగు బొమ్మలు గీసే పని ఫాంటుది. ఆ ఫాంటు లేకపోతే అసలు సంకేతాలు బయటపడతాయి. ఇక్కడ గౌతమి పెట్టినా, నిర్మల పెట్టినా లాభం లేదు. ఎందుకంటే అక్కడ తెలుగు అక్షరమే లేదు.

దారులు రెండే. ఆ పేరుతో ఉన్న అసలు ఫాంటును లైసెన్స్ ఉన్న సిస్టంలో పెట్టుకోవడం మొదటిది. పాఠాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చడం రెండోది. ఇకముందు కూడా వాడే టెంప్లేట్ అయితే రెండోదే చేయాలి. వెతకడానికి, మెయిల్లో అతికించడానికి, వెబ్‌సైట్లో పెట్టడానికి పనికొచ్చేది యూనికోడే.

మార్చేటప్పుడు పేజీ మొత్తాన్ని ఒకేసారి కన్వర్టర్‌లో వేయవద్దు. మధ్యలో ఉన్న నిజమైన ఇంగ్లిష్ మాటలు, ఈమెయిల్ చిరునామాలు, జీఎస్టీ నంబర్లు కూడా తెలుగు అక్షరాలుగా మారి పాడవుతాయి. ఇలా చేయండి:

1. కంట్రోల్+హెచ్ నొక్కి 'ఫైండ్' ట్యాబ్‌కు మారండి. వెతికే గడిని ఖాళీగా ఉంచి 'మోర్ > ఫార్మాట్ > ఫాంట్'లో ఆ పాత ఫాంటు పేరు ఇవ్వండి. జాబితాలో లేకపోతే అక్షరం పొల్లుపోకుండా టైపు చేయండి.
2. 'ఫైండ్ ఇన్ > మెయిన్ డాక్యుమెంట్' నొక్కితే ఆ ఫాంటులో ఉన్న భాగాలన్నీ ఎంపికవుతాయి. హెడర్లు, ఫుటర్లు, టెక్స్ట్ బాక్సులు ఇందులోకి రావు, వాటిని విడిగా చూడాలి.
3. ఒక్కో భాగాన్ని మార్చి, 'కీప్ టెక్స్ట్ ఓన్లీ' పద్ధతిలో తిరిగి అతికించి, యూనికోడ్ ఫాంటున్న స్టైల్ ఇవ్వండి.
4. పాత ముద్రిత ప్రతిని పక్కన పెట్టుకుని సరిచూడండి. ఎక్కువ తప్పులు దొర్లేది వత్తులు, క్రారవడి, అరసున్న, కొటేషన్ గుర్తులు, రూపాయల అంకెల దగ్గర.

తెలుగు కానిచోట తరచూ కనిపించే లోపం ఆప్టోస్. 2023లో మైక్రోసాఫ్ట్ 365కు అప్రమేయ ఫాంటుగా కాలిబ్రి స్థానంలో ఇది వచ్చింది. కొత్త వర్డ్‌లో చేసిన టెంప్లేట్‌ను వర్డ్ 2016లో తెరిస్తే ఇది ఉండదు, లైన్లు జరుగుతాయి. పాత వెర్షన్లు వాడే ఆఫీసులకు పంపే టెంప్లేట్‌ను కాలిబ్రిలోనో ఏరియల్‌లోనో ఉంచడమే సరైన పని.

*అసలు ఫాంటు ఎక్కడా దొరకకపోతే* కొత్త ఫాంటును స్టైల్ స్థాయిలో మార్చాలి. పాఠం మొత్తం ఎంచుకుని హోమ్ ట్యాబ్‌లో ఫాంటు మారిస్తే పైపైన మారినట్టు కనిపిస్తుంది. స్టైల్‌లో మాత్రం లేని ఫాంటు పేరే మిగిలిపోతుంది, కొత్త పేరా మొదలవగానే మళ్లీ తొంగిచూస్తుంది. 'స్టైల్స్' ప్యానెల్లో 'నార్మల్' మీద కుడి క్లిక్ చేసి 'మోడిఫై > ఫార్మాట్ > ఫాంట్' తెరవండి. అక్కడ లాటిన్ పాఠానికి ఒక గడి, 'కాంప్లెక్స్ స్క్రిప్ట్స్'కు ఒక గడి ఉంటాయి. తెలుగుకు వర్తించేది రెండోది, సైజు కూడా అక్కడిదే. ఆ గడి కనిపించకపోతే 'ఫైల్ > ఆప్షన్స్ > లాంగ్వేజ్'లో తెలుగును ఆథరింగ్ భాషగా చేర్చి వర్డ్‌ను మళ్లీ తెరవండి. ఆ తర్వాత 'హెడింగ్ 1', 'హెడింగ్ 2', 'హెడర్', 'ఫుటర్' స్టైళ్లనూ తనిఖీ చేయండి.

ఫాంటు మార్చాక వత్తులు, గుడులు తెగిపోయినట్టు కనిపిస్తే తప్పు ఫాంటుది కాదు. పేరాగ్రాఫ్ సెట్టింగ్‌లో లైన్ స్పేసింగ్ 'ఎగ్జాక్ట్‌లీ' అని ఉండి ఉంటుంది. పాత ఫాంటు ఎత్తుకు సరిపోయిన 14 పాయింట్లు కొత్తదానికి చాలకపోవచ్చు, మిగిలిన భాగాన్ని వర్డ్ కోసేస్తుంది. దాన్ని 'ఎట్ లీస్ట్' చేయండి. తెలుగు టెంప్లేట్లలో 'ఎగ్జాక్ట్‌లీ' వాడకపోవడమే మంచిది.

అడుగు 4: తల్లి టెంప్లేట్ దొరుకుతోందా?

ఫైలు తెరవడానికి వర్డ్ అరనిమిషం, నిమిషం తీసుకుంటోందంటే ముందు దీన్ని అనుమానించాలి. ప్రతి డాక్యుమెంట్‌కూ ఒక టెంప్లేట్ జోడించి ఉంటుంది. ఆ టెంప్లేట్ ఎప్పుడో తీసేసిన సర్వర్లో ఉంటే వర్డ్ ప్రతిసారీ ఆ దారిలో వెళ్లి, జవాబు రాక, ఆగి ఆగి తెరుచుకుంటుంది.

'ఫైల్ > ఆప్షన్స్ > కస్టమైజ్ రిబ్బన్'లో 'డెవలపర్' టిక్ పెట్టండి. డెవలపర్ ట్యాబ్‌లో 'డాక్యుమెంట్ టెంప్లేట్' నొక్కితే జోడించిన ఫైలు దారి కనిపిస్తుంది. కొత్త చోటు తెలిస్తే 'అటాచ్'తో చూపించండి. తెలియకపోతే ఆ గడిలో ఉన్నది తుడిచి ఓకే నొక్కండి, నార్మల్ టెంప్లేట్ జోడవుతుంది.

దీనివల్ల పేజీ రూపం చెడదు. స్టైళ్లు డాక్యుమెంట్ పుట్టినప్పుడే దానిలోకి కాపీ అయి ఉంటాయి. పోయేవి మాక్రోలు, ఆటోటెక్స్ట్, ప్రత్యేక కీబోర్డ్ షార్ట్‌కట్లు. ఒక్క జాగ్రత్త: 'ఆటోమేటిక్‌గా డాక్యుమెంట్ స్టైల్స్ అప్‌డేట్ చేయి' అన్న అర్థం వచ్చే టిక్ అదే పెట్టెలో ఉంటుంది. అది ఉండగా వేరే టెంప్లేట్ జోడిస్తే ఒకే పేరున్న స్టైళ్లన్నీ కొత్తదాని రూపంలోకి మారిపోతాయి. ముందు దాన్ని తీసేయండి.

అడుగు 5: లోగోలు, ఎక్సెల్ పట్టికలు

బొమ్మ స్థానంలో ఎర్రటి ఇంటూ గుర్తు, లింకు చేసిన బొమ్మ చూపలేకపోతున్నామన్న వాక్యం కనిపిస్తే ఆ బొమ్మ ఫైల్లో లేదు, దాని చిరునామా మాత్రమే ఉంది. 'ఫైల్ > ఇన్ఫో'లో కుడివైపు కింద 'ఎడిట్ లింక్స్ టు ఫైల్స్' ఉంటుంది. ఆ మాట కనిపించకపోతే ఇలాంటి లింకులు లేవన్నమాట. హెడర్లో బొమ్మ ఉంటే ముందు హెడర్లోకి వెళ్లి ఆల్ట్+ఎఫ్9 నొక్కి 'ఇంక్లూడ్‌పిక్చర్' ఫీల్డు (విలువను వర్డే తెచ్చి నింపే చోటు) ఉందేమో చూడండి, దారి అందులో రాసి ఉంటుంది.

లింక్స్ పెట్టెలో ఒక్కో లింకు దారినీ రాసుకున్నాక 'చేంజ్ సోర్స్'తో సరైన ఫైలు చూపించి, 'అప్‌డేట్ నౌ' నొక్కి, బొమ్మ వచ్చిందని కళ్లతో చూసి, అప్పుడు 'సేవ్ పిక్చర్ ఇన్ డాక్యుమెంట్' టిక్ పెట్టండి. ఈ వరుస తప్పకూడదు. బొమ్మ రాకముందే 'బ్రేక్ లింక్' నొక్కితే బొమ్మా ఉండదు, అది ఎక్కడ దొరుకుతుందో చెప్పే చిరునామా కూడా పోతుంది.

ఉత్తరాలకు చిరునామాలు కలిపే టెంప్లేట్ అయితే తెరవగానే ఎస్‌క్యూఎల్ కమాండ్ నడపమంటారా అని అడుగుతుంది. డేటా ఫైలు మీ దగ్గర లేకపోతే 'నో' అనండి. తర్వాత 'మెయిలింగ్స్ > సెలెక్ట్ రెసిపియెంట్స్ > యూజ్ యాన్ ఎగ్జిస్టింగ్ లిస్ట్'తో కొత్త ఎక్సెల్ షీటు చూపించండి. షీటు మొదటి వరుసలోని శీర్షికలు టెంప్లేట్‌లోని ఫీల్డు పేర్లతో సరిపోవాలి. కలిపే పనే వద్దనుకుంటే 'స్టార్ట్ మెయిల్ మెర్జ్'లో 'నార్మల్ వర్డ్ డాక్యుమెంట్' ఎంచుకుంటే ఆ ప్రశ్న ఇక రాదు.

అడుగు 6: 'ఎర్రర్!' అని వచ్చే ఫీల్డులు

తెర మీద అంతా బాగుండి, ప్రింటులో మాత్రం 'ఎర్రర్! రిఫరెన్స్ సోర్స్ నాట్ ఫౌండ్' అని వస్తుంది. ప్రింటుకు ముందు ఫీల్డులను అప్‌డేట్ చేసే ఆప్షన్ ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది. అప్పటిదాకా కనిపించింది పాత విలువ. థీసిస్ బైండింగుకు ఇచ్చే రోజున ఇది బయటపడితే చాలా ఇబ్బంది. కాబట్టి కంట్రోల్+ఏ, తర్వాత ఎఫ్9 నొక్కి ముందే బయటికి లాగండి. హెడర్, ఫుటర్, ఫుట్‌నోట్లలోకి విడిగా వెళ్లి మళ్లీ అదే చేయండి.

కారణాలు తెలిస్తే వైద్యం తెలిసినట్టే. పై వాక్యం వస్తే ఆ ఫీల్డు చూపే బుక్‌మార్కు (పాఠంలో ఒక చోటుకు పెట్టిన గుర్తు) పోయిందని అర్థం. టెంప్లేట్‌లోని నమూనా పాఠాన్ని తుడిచేటప్పుడు దానితో పాటు దాగి ఉన్న బుక్‌మార్కూ పోతుంది. 'రిఫరెన్సెస్ > క్రాస్-రిఫరెన్స్'తో కొత్తగా పెట్టాలి. 'నో టెక్స్ట్ ఆఫ్ స్పెసిఫైడ్ స్టైల్' అని వస్తే హెడర్ అధ్యాయం పేరును 'హెడింగ్ 1' లాంటి స్టైల్ నుంచి తీసుకుంటోంది, మీరు మాత్రం శీర్షికను బోల్డ్ చేసి వదిలేశారు. ఆ శీర్షికకు స్టైల్ ఇస్తే చాలు. 'అన్‌నోన్ డాక్యుమెంట్ ప్రాపర్టీ నేమ్' అని వస్తే 'ఫైల్ > ఇన్ఫో > ప్రాపర్టీస్ > అడ్వాన్స్‌డ్ ప్రాపర్టీస్'లో 'కస్టమ్' ట్యాబ్‌కు వెళ్లి ఆ పేరును చేర్చాలి.

కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్9తో ఫీల్డును మామూలు పాఠంగా మార్చేసే అలవాటు చాలామందికి ఉంది. తుది ప్రతికి పర్వాలేదు, టెంప్లేట్‌లో మాత్రం చేయకూడదు. ఆధార గ్రంథాల జాబితాలు చూసుకునే జొటెరో లాంటి ప్లగిన్‌తో పెట్టిన ఉల్లేఖనలు కూడా ఫీల్డులే. ఆ ప్లగిన్ మీ దగ్గర లేకపోయినా పాఠం కనిపిస్తూనే ఉంటుంది, దాన్ని కదపకుండా వదిలేయండి.

అడుగు 7: మాక్రోలు

ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను ఆఫీస్ 2022 నుంచి అప్రమేయంగా ఆపేస్తోంది. ఎర్ర పట్టీ కనిపిస్తే వర్డ్ మూసి, ఫైలు 'ప్రాపర్టీస్'లో 'అన్‌బ్లాక్' టిక్ పెట్టండి. పంపినవారు ఎవరో తెలిసి, అందులో ఏముందో తెలిసినప్పుడే ఇది చేయాలి. ఎవరు చేశారో తెలియని డాట్‌ఎం ఫైలుకు ఎప్పుడూ చేయవద్దు.

అయినా నడవక 'కాంట్ ఫైండ్ ప్రాజెక్ట్ ఆర్ లైబ్రరీ' అంటే ఆల్ట్+ఎఫ్11 నొక్కి 'టూల్స్ > రిఫరెన్సెస్' తెరవండి. పేరు ముందు 'మిస్సింగ్' అని ఉన్నదే లోపించిన లైబ్రరీ. ఇక్కడ చాలామంది దారి తప్పుతారు. ఏదో ఒక లైబ్రరీ లేకపోతే వీబీఏ (మాక్రోలు రాసే భాష) దానికి ఏ సంబంధమూ లేని 'లెఫ్ట్', 'మిడ్', 'డేట్' లాంటి మామూలు ఫంక్షన్ల దగ్గర ఆగి తప్పు చూపిస్తుంది. ఆ లైన్లో వెతికితే ఏమీ దొరకదు. 'మిస్సింగ్' ఉన్న టిక్ తీసేసి 'డీబగ్ > కంపైల్' నడపండి. అప్పుడు ఆగిన చోటే ఆ లైబ్రరీని నిజంగా వాడుతున్న చోటు.

తేదీ ఎంచుకునే పాత కంట్రోల్ ఉన్న ఫారాలు 64 బిట్ ఆఫీస్‌లో పనిచేయవు, ఆ భాగం 32 బిట్‌కే ఉంది. దాని స్థానంలో డెవలపర్ ట్యాబ్‌లోని 'డేట్ పికర్ కంటెంట్ కంట్రోల్' పెట్టండి. దానికి ఏ లైబ్రరీ అక్కర్లేదు, మాక్రో కూడా అక్కర్లేదు.

అడుగు 8: అవతలివారి దగ్గర మళ్లీ విరగకుండా

'ఫైల్ > ఆప్షన్స్ > సేవ్'లో 'ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ది ఫైల్' టిక్ పెట్టండి, ఫాంట్లు ఫైల్లోనే చేరతాయి. దాని కింద రెండు ఉపఎంపికలు ఉంటాయి. వాడిన అక్షరాలనే ఎంబెడ్ చేసే మొదటిదాన్ని టెంప్లేట్‌లో ఎంచుకోవద్దు. నమూనాలో లేని అక్షరం అవతలివారు టైపు చేయగానే ఫాంటు మళ్లీ మారిపోతుంది. సాధారణ సిస్టమ్ ఫాంట్లను వదిలేసే రెండో టిక్‌ను కూడా తీసేయండి, ఫైలు సైజు పెరిగినా సరే.

అన్ని ఫాంట్లూ ఎంబెడ్ కావు. కంట్రోల్ ప్యానెల్లోని ఫాంట్స్ ఫోల్డర్‌ను 'డీటెయిల్స్' వ్యూలో చూస్తే 'ఫాంట్ ఎంబెడబిలిటీ' తెలుస్తుంది. 'ఇన్‌స్టాలబుల్', 'ఎడిటబుల్' ఉంటే ఇబ్బంది లేదు. 'ప్రింట్ అండ్ ప్రివ్యూ' అంటే చూడటానికి, ముద్రించడానికే. 'రిస్ట్రిక్టెడ్' అయితే లైసెన్స్ ఒప్పుకోదు, వర్డ్ ఎంబెడ్ చేయదు.

పరీక్ష ఇలా: విండోస్‌లో కొత్త యూజర్ ఖాతా తెరిచి అక్కడ టెంప్లేట్ తెరవండి. మీ నార్మల్ టెంప్లేట్, మీ ఖాతాకే పెట్టుకున్న ఫాంట్లు, యాడ్-ఇన్‌లు అక్కడ ఉండవు. అందరు యూజర్లకూ పెట్టిన ఫాంట్లు మాత్రం అక్కడా కనిపిస్తాయి కాబట్టి, వీలైతే వేరే సిస్టంలోనూ ఒకసారి చూడండి.

లిబ్రేఆఫీస్ రైటర్ వాడుతుంటే

ఇక్కడ కర్సర్ ఉన్న చోటి ఫాంటు సిస్టంలో లేకపోతే దాని పేరు ఫాంటు గడిలో ఇటాలిక్‌గా వస్తుంది. 'టూల్స్ > ఆప్షన్స్ > లిబ్రేఆఫీస్ > ఫాంట్స్'లో ప్రత్యామ్నాయ పట్టిక ఉంది. గౌతమికి నోటో సాన్స్ తెలుగు అని రాసి 'ఆల్వేస్' టిక్ పెట్టుకోవచ్చు. 'స్క్రీన్ ఓన్లీ' కూడా పెడితే మార్పు తెర వరకే ఉంటుంది. కాలిబ్రి, కాంబ్రియా లేనిచోట కార్లిటో, కలాడియా పెడితే లైన్లు జరగవు. అక్షరాల వెడల్పు సరిగ్గా అంతే ఉండేలా చేసిన ఫాంట్లు అవి. తెలుగుకు అలా కొలత సరిపోయే జతలు లేవు కాబట్టి పేజీ విరుపులను చేత్తో సరిచూడక తప్పదు. లింకులకు 'ఎడిట్' మెనూలోని 'లింక్స్ టు ఎక్స్‌టర్నల్ ఫైల్స్' చూడండి, అక్కడా 'బ్రేక్ లింక్' విషయంలో పై జాగ్రత్తే. వర్డ్ మాక్రోలు ఇందులో పూర్తిగా నడుస్తాయని మాత్రం పెట్టుకోకండి. మాక్రోలున్న టెంప్లేట్‌ను వర్డ్ ఉన్న సిస్టంలోనే సరిచేయించి, ఆ తర్వాత ఇక్కడికి తెచ్చుకోండి.